చుక్క రాని పడవ

నూకరాజు కట్టిన పడవలోకి చుక్క నీరు రాదని కాలవ పొడుగునా పేరు. ఆ పేరు పెట్టింది ఊళ్ళోవాళ్ళే అయినా, దాన్ని నెత్తిన పెట్టుకు తిరిగింది మాత్రం నూకరాజే.

కొత్త తెరచాప పడవ పూర్తయ్యాక దాన్ని కట్టించుకున్న సరంగు సోమయ్య ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో లోతు చూపే మిషను ఉంది. కిందటేడు కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట ఎక్కి అతని పాత పడవ రెండు చెక్కలయింది. తమ్ముడు కాలు విరిగి ఇంకా మంచంలోనే ఉన్నాడు.

"ఇది బిగిస్తేనే మొగ దాటతాను. లేకపోతే ఈ పడవ నాకొద్దు," అన్నాడు సోమయ్య.

మిషనుకు గుండ్రటి కంచు బిళ్ళ ఒకటి ఉంటుంది. అది శబ్దాన్ని నీళ్ళలోకి పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి లోతు చెబుతుంది. పడవ అడుగున బెజ్జం వేసి, నీళ్ళకు తగిలేలా దాన్ని బిగించాలి.

నూకరాజుకు చేతులు రాలేదు. తను కట్టిన పడవకు తనే బెజ్జం వెయ్యడమా అనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా బిళ్ళను లోపలే, అడుగు చెక్క మీద జిగురుతో అతికించేశాడు. పడవను నీళ్ళలోకి దించారు. మిషను తెర మీద గీతలు తప్ప అంకె రాలేదు.

"మిషనే బాగోలేదండి," అన్నాడు నూకరాజు.

సోమయ్య మొహం మాడ్చుకుని వెళ్ళి పరదేశి మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. నూకరాజుకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే.

మేస్త్రి వంగి, అతికించిన బిళ్ళను చూశాడు. సరంగు దగ్గరున్న పాత లోతు తాడు, చివర సీసపు గుండు కట్టింది, అడిగి తీసుకుని నూకరాజు చేతికిచ్చాడు.

"ఇక్కడ లోతెంతో చూడరా."

నూకరాజు అంచు దగ్గరకెళ్ళి గుండు వదలబోయాడు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"బయటికెందుకు? లోపలే వెయ్యి."

"లోపలాండీ?"

"వెయ్యరా."

గుండు అడుగు చెక్క మీద దబ్బున పడింది. తాడు దాని పక్కనే కుప్పగా పడింది.

"ఎంతుంది?"

నూకరాజు వంగి తాడు చుట్టసాగాడు. సోమయ్య నవ్వబోయి, మేస్త్రి మొహం చూసి మానుకున్నాడు.

మర్నాడు నూకరాజు పడవను ఒడ్డుకు లాగించాడు. బెజ్జం వేసే బరమా తనే పట్టాడు. బెజ్జం పడేదాకా పళ్ళు బిగబట్టే ఉన్నాడు. బిళ్ళను దింపి, చుట్టూ నూలు కుక్కి, మర బిగించాడు. పడవను మళ్ళీ దించారు. మేస్త్రీ, సోమయ్యా ఎక్కారు.

తెర మీద అంకె వచ్చింది. సోమయ్య గుండు వేసి చూసుకున్నాడు. సరిపోయింది.

నూకరాజు అటు చూడనే లేదు. బిళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు. నూలు అంచున చెమ్మ ఊరి, చుక్కై నిలిచింది.

"మేస్త్రిగారూ, నీరొస్తందండి. నా పడవలో."

మేస్త్రి ఆ చుక్కను వేలితో చెక్కకే రాశాడు.

"కొత్తగా కోసిన చెక్క. దాహంగా ఉంటది. తాగనీ."

సాయంత్రం దాకా నూకరాజు అక్కడే కూచున్నాడు. చెక్క ఉబ్బింది, చెమ్మ ఆగిపోయింది. తెల్లారితే మొగ దాటాల్సిన సోమయ్య వచ్చి అడిగాడు.

"చుక్క రాలేదుగా, నూకరాజూ?"

"ఒకటొచ్చిందండి," అన్నాడు నూకరాజు.