రథశాలలో వేసవి విడిది

రాజమాత బండికి వట్టివేళ్ల తడికలు కట్టి, వాటి మీద నీళ్లు కారేలా కప్పుపైన తొట్టి పెట్టారు. తీరా ఊరు దాటేసరికి ధార ఆగిపోయేది. ఆవిడ లోపల ఉడికిపోతూ, "మళ్లీ ఆగిందో, నీ కొలువు ఊడినట్టే" అని బండి తోలే సింగన్న మీద విరుచుకుపడేది.

బాగుచేయమని తీసుకెళ్లిన ప్రతిసారీ రథశాల అధికారి భూపతి నీడలోనే తడికను ముట్టుకుని, "ఇక్కడ చల్లగానే ఉందిగా, లోపం నీ తోలడంలోనే ఉంది" అని పంపేసేవాడు.

ఈసారి సింగన్న రాజమాతను ఎక్కించుకునే వచ్చి, రథశాలలో ఎద్దులను విప్పేశాడు.

"మీ దగ్గరైతే చల్లగా ఉంటోందన్నారు గదయ్యా. ఈ వేసవంతా అమ్మగారు ఇక్కడే ఉంటారు."

"భూపతీ, ముందా సుత్తుల చప్పుడు ఆపించు. నీ గది నా వంటవాళ్లకు ఖాళీ చెయ్యి" అంది లోపలినుంచి రాజమాత.

మధ్యాహ్నానికల్లా భూపతి తొట్టి మార్పించి, నెత్తిన తుండు వేసుకుని, తానే బండిని పొలిమేరదాకా తోలి చూసుకొచ్చాడు. ఆయన ఎండలోకి రావడం అదే మొదలు.