రాణిగారి పథ్యం

పూర్వం ఒక రాజ్యంలో రాణికి కొడుకు పుట్టాడు. ఆ సంబరంలో రాజు ఊళ్లోని ప్రతి బాలింతకూ బలానికి లేహ్యం పంచాడు. పండిన గింజలన్నీ అంతకుముందే పన్ను కింద కోటకు చేరిపోయాయి.

మంత్రసాని సూరమ్మ కోడలు కూడా ఆ రోజే కన్నది. తిండిలేక పాలు పడలేదు. పసిగుడ్డు ఏడుస్తుంటే, సూరమ్మ లేహ్యం గిన్నెతో కొలువుకెళ్లింది.

"దొరా, దీంతోపాటు కాస్త బియ్యం ఇప్పించండి."

రాజవైద్యుడు కసిరాడు. "ఏమే, ఇందులో నలభై మూలికలున్నాయి. ఇది తిన్న బాలింతకు వేరే తిండెందుకు?"

"అంత గొప్పదా అయ్యగారూ! అయితే రాణమ్మకూ ఇవాళ్టి నుంచి ఇదొక్కటే పెట్టించండి. ఆవిడకు పాలు పడితే, నా కోడలు అన్నం మాటే ఎత్తదు."

రాజు వైద్యుడి వైపు చూశాడు. వైద్యుడు గబగబా అడ్డుపడ్డాడు.

"మహాప్రభూ, రాణిగారికి అన్నం, నెయ్యి తప్పనిసరి..."

"నా కోడలిదీ కడుపే కదయ్యా" అంది సూరమ్మ.

రాజు సిగ్గుపడి బాలింతలందరికీ బియ్యం పంపాడు. నెల తిరిగేసరికి తల్లులకు పాలు పడ్డాయి, బిడ్డలు తేరుకున్నారు.

అప్పుడు దండోరా వేశారు. "రాజవైద్యుడి లేహ్యం మహిమతో బాలింతలంతా కోలుకున్నారు. ఇక బియ్యం అక్కర్లేదహో!"

వాడలో ఇంకా ముగ్గురు నిండు చూలాళ్లున్నారు. సూరమ్మ గిన్నె తీసుకుని మళ్లీ కోటదారి పట్టింది.