రెక్కల గేదె

హైమవతి చేసిన బొమ్మను ఆచారి మాస్టారు గోడ వైపు తిప్పి పెట్టేశారు. మిగిలిన ఆరుగురు శిష్యుల బొమ్మలూ ముఖాలు ఇటు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి.

విజయనగరంలో ఆచారి మాస్టారి దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకున్నవాళ్ళు ఏడాదికోసారి టౌన్‌హాల్లో ప్రదర్శన పెడతారు. ఈసారి పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్త ఒకాయన, కొత్త పుస్తకానికి బొమ్మలు చేసేవాళ్ళను వెతుక్కుంటూ వస్తున్నాడు. ఎనిమిదేళ్ళుగా పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తున్న హైమవతికి ఆ పనిలోంచి బయటపడే దారి అదొక్కటే కనిపించింది. ప్రదర్శన ఇంకో వారంలో ఉంది.

బొమ్మలో ఏటి ఒడ్డున ఒక గేదె ఆకాశంలోకి లేస్తోంది. ముందుకాళ్ళు నిలదొక్కుకుని, మెడ ఎత్తి, భుజాల మీద తెల్లటి కొంగ రెక్కలు విప్పుకుని ఉంది. కంప్యూటర్ ముందు పదకొండు రోజుల పని. తల ఒక ఫొటోలోది, చర్మం ఇంకోదానిలోది, రెక్కలు మూడోదానిలోవి. గేదె పైకి లేస్తున్న ఫొటో ఎక్కడా దొరక్క, ఒంటికి గుర్రాన్ని వాడుకుంది. పెళ్ళికి రాని మేనమామ తలను, వచ్చిన బాబాయి ఒంటికి అతికించి, చుట్టాలెవరూ పోల్చుకోకుండా ఆల్బమ్‌లో నిలబెట్టిన చెయ్యి ఆమెది. గేదె మెడ దగ్గర భూతద్దం పెట్టి చూసినా అతుకు కనపడదు.

అలాంటి బొమ్మకు వంక పెట్టింది మాస్టారి స్టూడియోకి పాలు పోసే అప్పలనరసమ్మ. పొద్దున్న పాలు తెచ్చి, బొమ్మ ముందు ఆగి, "ఏటి బాబూ ఇది, గుర్రానికి గేదె తోలు కప్పినారు?" అని నవ్వి వెళ్ళిపోయింది. మాస్టారు లేచి బొమ్మను తిప్పేశారు.

"పాలావిడ నవ్విందని నా బొమ్మ తీసేస్తారా మాస్టారూ?"

"నవ్వినందుకు కాదమ్మా."

"మరెందుకు?"

"గుర్రం అంది."

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. వెలుగు ఏ రెక్క మీద ఎంత పడాలో లెక్క చూసుకున్న పదకొండు రోజులు, ఒక్క నవ్వుతో కొట్టుకుపోవడమా.

"రెక్కలున్న గేదెను ఆవిడ ఎక్కడైనా చూసిందా? ఇది ఊహ మాస్టారూ. రెక్కల దగ్గర రాని పేచీ కాళ్ళ దగ్గర ఎందుకొచ్చింది?"

మాస్టారు మెత్తటి గుడ్డతో కెమెరా అద్దం తుడుస్తున్నారు. "రెక్కల సంగతి ఆవిడకు తెలీదు. అందుకని నీ మాట నమ్మింది" అన్నారు. గుడ్డ మడిచి పెట్టి, "రేపు పాలు నువ్వు పట్రా" అన్నారు.

"కెమెరా తీసుకెళ్ళనా?"

"పాలకి కెమెరా ఎందుకు? గిన్నె తీసుకెళ్ళు."

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. బొమ్మ పోయింది, పైగా పాలు తెచ్చే పని అంటగట్టారు. రేపు గిన్నె ఆయన ముందు పెట్టి, ఇక రానని చెప్పెయ్యాలి. దారంతా ఆ మాటలే కూర్చుకుంది.

తెల్లారి గేదె పాక దగ్గరికి వెళ్ళేసరికి అప్పలనరసమ్మ కుడితి కలుపుతోంది.

"ఆ రెక్కల గేది నీదేనా అమ్మా?"

"నాదే. బాగాలేదన్నావట."

"బాగునేదని ఎవులన్నారు? రెక్కలు బాగున్నాయి. నా గేదికి పెట్టినావనుకో, గడ్డికి నేనెల్లక్కర్నేదు, అదే ఎల్లి మేసొస్తాది. కాళ్ళే. అలాగ లెగదు."

"మరెలా లేస్తుందేం?"

"దానికి లెగాలనిపించినప్పుడు సూడు."

గేదె నేల మీద పడుకుని నెమరు వేస్తోంది. దానికి లేవాలని అనిపించలేదు. హైమవతి గిన్నె పట్టుకుని అరగంట నిలబడింది. ఒకరి గేదె తీరిక కోసం నిలబడాల్సి వచ్చినందుకు గేదె మీద, గేదె మనిషి మీద, పంపించిన మాస్టారి మీద విడివిడిగా కోపం వచ్చింది.

అప్పుడు గేదె తల ముందుకు తోసింది. ముందు మోకాళ్ళ మీద బరువు వేసి, వెనకభాగం మొత్తం పైకెత్తింది. నల్లటి తుంటి గాల్లోకి లేచింది. మూతి మాత్రం ఇంకా నేల దగ్గరే ఉంది, దవడ ఆడుతూనే ఉంది. ఆ భంగిమలో ఒక్క క్షణం, తొందరేమీ లేనట్టు ఆగింది. తర్వాత ఒక ముందుకాలు, ఆ తర్వాత రెండోది.

హైమవతి గిన్నె కింద పెట్టేసింది.

"మళ్ళీ పడుకోబెట్టగలవా?"

"నా మాట ఇంటే ఇంకేటి. రేపు రా."

మర్నాడు వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. మాస్టారికి పాలైతే అందుతున్నాయి గాని, ఆమె మాట్లాడటం లేదు. ఆయన అడగడమూ లేదు. నాలుగో రోజు పాలగిన్నెతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మాస్టారూ, అది వెనక నుంచి లేస్తుంది."

"ఊఁ."

"నాలుగు కాళ్ళే కదా అనుకున్నాను. రెక్కలిచ్చి కూడా దాన్ని గుర్రంలా ముందు నుంచి లెమ్మన్నాను." గొంతులో కోపం అలాగే ఉంది. ఇప్పుడది తన మీదకే మళ్ళింది. "వెనక నుంచి లేచేది వెనక నుంచే ఎగరాలి. అప్పుడు రెక్కలు భుజాల మీద ఉండవు. తుంటి మీద ఉంటాయి. తోక ఆకాశంలోకి వెళ్ళిపోతుంటే మూతి ఇంకా బురదలోనే ఉంటుంది, నములుతూ."

మాస్టారు లేచి వచ్చి ఆమె చేతిలోని గిన్నె అందుకున్నారు.

"అంతే కదా మాస్టారూ? రెక్కలు అక్కడే కదా ఉండాలి?"

ఆయన పాలు స్టవ్ మీద పెట్టి, మంట తగ్గించారు.

"నన్నడుగుతావేమమ్మా. నాకు గేదె ఉందా?"