మూడో గదిలో కొత్త బొమ్మ

అనగా అనగా, చెప్పేవాళ్ళకు నోరూ వినేవాళ్ళకు ఓపికా ఉన్న రోజుల్లో, తుమ్మెదకొండ అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఉత్పలరాజు ఏలేవాడు. ఏలడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. అందుకని ఆయన బొమ్మలు కొనేవాడు.

కొన్న బొమ్మలన్నీ పెట్టుకోవడానికి కొండ మీద, అడవి అంచున, ఒక చిత్రశాల కట్టించాడు. ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయని కిటికీలకు మందపాటి తెరలు. పట్టపగలైనా దీపం లేకుండా లోపల ఏమీ కనబడేది కాదు.

మొదటి గదిలో రాజుగారి తాతముత్తాతలు గోడల మీద వరసగా కూర్చుని ఉండేవారు. పెద్దలకు వీపు చూపడం తప్పు కదా! అందుకని చిత్రశాలలో ఏ గదిలోంచైనా సరే, బొమ్మల వైపే చూస్తూ వెనక్కి నడిచి బయటికి రావాలని రాజాజ్ఞ. దీనివల్ల పెద్దల గౌరవం నిలబడింది. చాలామంది మడమలు నలిగాయి. మంత్రిగారు ఒకసారి అలాగే నడుస్తూ నడుస్తూ వెళ్ళి నూనె కుండలో కూర్చున్నారు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అయినా ఊరందరికీ తెలుసు.

ఆ ఊళ్ళో బడి నడిపే ఆయన పేరు సింగరాచార్యులు. ఊరివాళ్ళు చాటుగా 'అంతరార్థంగారు' అనేవారు. ఏ వస్తువునైనా ఉన్నదున్నట్టు చూడటం ఆయనకు నామోషీ. పులుసులో ఉప్పెక్కువైతే, భార్య మనసులో ఏ బాధ ఉందోనని సాయంత్రం దాకా ఆలోచించేవారు గాని, ఉప్పెక్కువైందని మాత్రం అనేవారు కారు.

శిష్యులను తరచుగా చిత్రశాలకు తీసుకువెళ్ళి, ఒక్కొక్క బొమ్మ ముందూ నిలబెట్టి అర్థం చెప్పించేవారు. ఆయన నియమం ఒక్కటే. కంటికి కనబడేది చెప్పకూడదు. కనబడనిదే చెప్పాలి.

శిష్యులకు ఇది బాగా కుదిరింది. కనబడనిది చెప్పడానికి చదవక్కర్లేదు కదా!

అందరిలోకీ ముందుండేవాడు వల్లభుడు, సేనాపతి కొడుకు. వాడు పాఠంలోనే కాదు, మజ్జిగ కుండ దగ్గరైనా, ప్రసాదం దగ్గరైనా ముందే ఉండేవాడు. వాడి వెనకే సోమన్న. వాడు ఏ మాట చెప్పినా కళ్ళు సగం మూసి చెప్పేవాడు. అలా చెబితే ఏ మాటైనా గొప్పగానే వినబడుతుంది.

అందరికన్నా వెనక ఉండేది నాంచారి. గురువుగారి అక్క మనవరాలు. అమ్మానాన్నా లేని పిల్ల కావడంతో ఆయనే పెంచుతున్నారు. ఇంట్లో ఆయన్ని 'తాతయ్యా' అని పిలిచేది. బడిలో మాత్రం 'గురువుగారూ' అనాలి. ఆ తేడా రాకుండా ఆ పిల్ల రోజంతా నాలుక కరుచుకుంటూ తిరిగేది.

నాంచారికి ఉన్న జబ్బేమిటంటే, కనబడింది చెప్పేస్తుంది. మొన్నటికి మొన్న, కుండ ఎత్తుకున్న పడతి బొమ్మ ముందు నిలబెడితే, ఆ కుండ ఆత్మ అని వల్లభుడన్నాడు. ఆ పడతి మాయ అని సోమన్న అన్నాడు. నాంచారి "ఆ కుండకు చిల్లుంది గురువుగారూ, ఆవిడ చీర తడిసింది" అంది. పిల్లలందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. గురువుగారు తలవంచుకున్నారు.

"ఇంకోసారి కనబడింది చెప్పావంటే, బడి మానిపించి గేదెలను కాయిస్తాను" అన్నారు.

నాంచారికి గేదెలంటే భయం లేదు. గేదెలు నవ్వవు. నలుగురిలో తాతయ్య తలవంచుకోవడమే ఆ పిల్లకు భయం.

ఒకరోజు రాజుగారి దగ్గరినుంచి కబురొచ్చింది. 'మూడో గదిలో కొత్త బొమ్మ పెట్టించాను. మధ్యాహ్నం నేను వచ్చేలోగా శిష్యులతో దాని అర్థం చెప్పించి ఉంచండి.'

గురువుగారు కొత్త ఉత్తరీయం వేసుకున్నారు. పిల్లలందరూ కొండెక్కారు. దీపం నాంచారి చేతికిచ్చారు. దీపం పట్టుకున్నవాళ్ళు మాట్లాడనక్కర్లేదని ఆయన ఉద్దేశం.

పైకి వెళ్ళేసరికి చిత్రశాల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కావలి బసవయ్య ఎదురుగా ఉన్న ఇప్పచెట్టు చిటారుకొమ్మన కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తెగ ఊపుతున్నాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాట మాత్రం రావడం లేదు.

"చూశారా! నేలను వదిలి పైకి రమ్మని లోకాన్ని పిలుస్తున్నాడు" అన్నాడు వల్లభుడు.

"భేష్!" అన్నారు గురువుగారు.

బసవయ్య ఇంకా గట్టిగా ఊపాడు. వల్లభుడు కూడా మర్యాదగా ఊపాడు.

నాంచారి తలెత్తి చూసింది. ఎవరైనా చెట్టెక్కేముందు చెప్పులు విడుస్తారు. బసవయ్య కాళ్ళకు చెప్పులున్నాయి. తలపాగా కింద పడి ఉంది.

"గురువుగారూ, బసవయ్య చెప్పులతో ఎక్కాడు" అంది.

పిల్లలు ఫక్కున నవ్వారు. "నాంచారికి చెప్పులే కనిపిస్తాయిరా!" అన్నాడు సోమన్న. గురువుగారు తలవంచుకుని లోపలికి నడిచారు. నాంచారి నోరు మూసుకుంది.

మొదటి గదిలో ఒక స్తంభానికి తాడు కట్టి ఉంది. తాడు చివర మేకా లేదు, ముడీ లేదు. కొస పీచుపీచుగా తెగి ఉంది. పక్కన చిన్న గంట పడి ఉంది. బసవయ్య ఎండ పడకుండా తన మేకను చిత్రశాలలో కట్టేస్తాడని రాజుగారికి తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు.

సోమన్న కళ్ళు సగం మూశాడు. "బంధం తెగింది. జీవికి విముక్తి కలిగింది" అన్నాడు.

మేక విషయంలో ఆ మాట అక్షరాలా నిజం.

"ఆహా!" అన్నారు గురువుగారు.

నాంచారి వంగి తాడు కొస ముట్టుకుంది. తడిగా ఉంది. వేలికి జిగురుగా ఏదో అంటింది. దీపం దగ్గర పెట్టి చూసుకుంటే ఎర్రగా ఉంది.

"గురువుగారూ, ఈ తాడు..."

ఆయన వెనక్కి తిరిగి ఒకే మాట అన్నారు.

"గేదెలు."

నాంచారి మాట మింగేసింది.

రెండో గదిలో ఒక వాసన. పచ్చిమాంసం వాసన, తడిసిన కంబళి వాసన, రెండూ కలిసిన వాసన. కొత్త రంగుల వాసనేమోనని ఒకడన్నాడు. మిగతావాళ్ళు ఆ వాసనను గుండెల నిండా పీల్చి మెచ్చుకున్నారు. నాంచారి కాళ్ళు మాత్రం ముందుకు పడటం లేదు. వెనక్కి వెళ్ళిపోదామా? వెళ్ళి ఏం చెప్పాలి? 'తాడు తడిగా ఉంది' అనా? ముందు తాతయ్య తెల్లటి ఉత్తరీయం చీకట్లోకి వెళ్ళిపోతోంది. ఆ పిల్ల దాని వెనకే నడిచింది.

మూడో గదిలో గోడంతా నిండిన బొమ్మ. పెద్ద అడవి. నల్లటి మాన్లు, వేలాడే తీగలు, రెల్లుగడ్డి. ఆ గడ్డి ముందు, అరుగు మీద, ముందుకాళ్ళు చాపుకుని ఒక పెద్దపులి.

పిల్లలందరూ ఒక్కసారిగా "అబ్బ!" అన్నారు.

"చారలు చూడండి, చారలు!" అన్నాడు సోమన్న. "ఆ పులి మనసులోని కోరిక."

"కాదు, పులి అంటే కాలం" అన్నాడు వల్లభుడు. "కళ్ళు సగం మూసింది చూడు, నీలాగే."

"పులి అంటే అహంకారం" అని ఇంకొకడు.

నాంచారి దీపం వైపు చూసింది. గదిలో గాలి లేదు. కాని దీపం కొస ఒకసారి ఇటు ఒరిగింది. ఒకసారి అటు ఒరిగింది. మళ్ళీ ఇటు. ఎవరో నిదానంగా ఊపిరి తీసి వదులుతున్నట్టు.

పులి డొక్కలు లేచాయి. దిగాయి.

దాని మూతి పక్కన మేక వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. తోక చివర నేల మీద మెల్లగా తట్టింది. వెనక కిటికీ తెర చిరిగి వేలాడుతోంది. మేకను తిన్న మత్తులో ఉండబట్టి గాని, లేకపోతే ఇంతమంది అర్థం చెబుతుంటే ఏ పులీ ఊరుకోదు.

అరిస్తే? పిల్లలు పరుగెడతారు. పరుగెత్తేవాళ్ళ మీదికి పులి దూకుతుంది. పులి అని చెబితే? 'అవును, పులే, మరి దాని అర్థం?' అంటారు. ఎవరూ కదలరు.

ఇంతలో వల్లభుడు అరుగు దగ్గరికి నడిచాడు. "గురువుగారూ, ఎంత నేర్పండీ! మీసాలు నిజం వెంట్రుకలతోనే అతికించారు!" అని చెయ్యి చాపాడు.

పులి ఒక కన్ను తెరిచింది.

"గురువుగారూ!" అంది నాంచారి. "నాకు అంతరార్థం తెలిసింది."

వల్లభుడి చెయ్యి ఆగింది. అందరూ తిరిగి చూశారు. గురువుగారి మొహం వెలిగింది. పాపం, ఆయన ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్న మాట అది.

"చెప్పు తల్లీ, చెప్పు!"

"ఈ బొమ్మను చూసినవాళ్ళు మాట్లాడకూడదు. వీపు చూపకూడదు. మెల్లగా, వెనక్కి, వెనక్కి నడవాలి. గడప దాటితేనే దీని అర్థం తెలుస్తుంది. ముందుగా దాటినవాళ్ళకు ముందుగా తెలుస్తుంది."

ఒక్క మాట కూడా అబద్ధం చెప్పలేదు, చూడండి.

"వైరాగ్యం!" అన్నారు గురువుగారు, కళ్ళు చెమరుస్తుండగా. "లోకాన్ని చూస్తూ చూస్తూ విడిచిపెట్టడం! ఊఁ, నడవండి."

'ముందుగా' అన్న మాట వినబడగానే వల్లభుడు అందరికన్నా వేగంగా వెనక్కి జరిగాడు. వాడి వెనక సోమన్న. ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటూ, కిక్కురుమనకుండా పిల్లలందరూ గడప దాటారు. అన్నేళ్ళలో రాజాజ్ఞ ఒకరికి ఉపయోగపడటం అదే మొదటిసారి.

లోపల ఇద్దరే మిగిలారు. దీపంతో నాంచారి. చేతులు జోడించి గురువుగారు.

"ఎవరమ్మా ఈ చిత్రకారుడు! ఈ కంట్లో మెరుపు చూశావా? ప్రాణం పోశాడు..." అంటున్నారాయన.

పులి ఆవులించింది.

గురువుగారి మాట ఆగిపోయింది. జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. పులి ముందుకాళ్ళ మీద లేచింది. ఆయన కదల్లేదు. కదలాలన్న సంగతే మరిచిపోయినట్టు నిలబడిపోయారు.

నాంచారికి పారిపోవాలనిపించింది. గడప నాలుగడుగుల దూరంలో ఉంది. కాని ఉత్తరీయం కొస చేతికందేంత దగ్గరలో ఉంది. ఆ పిల్ల దాన్నే పట్టుకుంది.

"తాతయ్యా" అంది మెల్లగా. "వెనక్కి రా."

ఇంట్లో పిలిచే పిలుపు వినగానే ఆయన కాళ్ళకు జీవం వచ్చింది. ఒక అడుగు. ఇంకో అడుగు. పులి అరుగు దిగింది. నాంచారి దీపాన్ని పులికీ తమకూ మధ్య చాపి పట్టుకుంది. చెయ్యి ఎంత వణికిందంటే, గోడమీద అడవంతా ఊగిపోయింది. కాలికి గడప తగిలింది. దాటారు. ఇద్దరూ కలిసి తలుపు లాగి గడియ పెట్టారు.

మరుక్షణమే తలుపు మీద ధన్‌మని ఒక దెబ్బ. పైకప్పు నుంచి సున్నం రాలింది.

సోమన్న కళ్ళు సగం మూశాడు. "విన్నారా! అది మన మనసు తలుపు తట్టే..."

"కాదురా" అన్నారు గురువుగారు. "పులి."

ఆయన జీవితంలో కనబడింది కనబడినట్టు చెప్పడం అదే మొదలు. పిల్లలకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తరవాత రాజుగారి తాతముత్తాతలకు అందరూ వీపులు చూపించారు. అరికాళ్ళు కూడా చూపించారు.

మధ్యాహ్నం రాజుగారు వచ్చారు. వేటగాళ్ళు కిటికీకి బోను ఆనించి, పులిని పట్టి, దూరంగా అడవిలో వదిలిపెట్టారు. రాజుగారు మూడో గదిలో చాలాసేపు నిలబడ్డారు.

"నేను పెట్టించింది ఉత్త అడవి బొమ్మ. ఇందులో పులి లేదే" అన్నారు.



బసవయ్య సాయంత్రానికి చెట్టు దిగాడు. మరునాటికి గొంతు పెగిలింది. "మీకు చెబుదామనే చేతులూపాను గురువుగారూ" అన్నాడు.

"చెప్పావు నాయనా. మేమే మరీ ఎక్కువగా అర్థం చేసుకున్నాం" అన్నారాయన.

పులిని పట్టిన రోజు రాత్రి భోజనాల దగ్గర గురువుగారు పులుసు నోట్లో పెట్టుకుని, "ఉప్పెక్కువైంది" అన్నారు. భార్య గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. పెళ్ళయిన నాటినుంచి ఆవిడ ఆ మాట కోసమే చూస్తోంది.

మరునాటినుంచి బడిలో ఏ బొమ్మ ముందు నిలబడినా మొదటి ప్రశ్న మారిపోయింది. "ఏం కనబడుతోంది?" అని గురువుగారు అడుగుతారు. వల్లభుడు అందరికన్నా ముందు చెయ్యెత్తుతాడు, ముందు చెప్పాలి కదా. కాని ఆయన వాడి తల మీదుగా చివరి వరసలోకి చూసి, "నాంచారీ, నువ్వు చెప్పమ్మా" అంటారు.

నాంచారి ఇప్పటికీ లేచేటప్పుడు కొంచెం వణుకుతుంది. అయినా లేస్తుంది.

పులి అడవికి పోయింది, పిల్లలు బడికి పోయారు, కథ మీ దగ్గరికి వచ్చింది. కళ్ళెదుట ఉన్నదేమిటో ముందుగా చూసి, భయమేసినా దాన్ని చెప్పగలిగినవాళ్ళకే, దాని వెనకున్న అర్థం వెతుక్కునే తీరిక మిగులుతుంది.