నక్క తెచ్చిన పచ్చ టిక్కులు

కొండవాగు ఒడ్డున బొరియలున్న జంతువులన్నీ కలిసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నాయి. సరదాకి కాదు. వాగు పొంగితే ప్రతి బొరియకీ అలర్ట్ మోగాలి, పిల్లాజెల్లా అంతా మిట్టకెక్కాలి. కోడ్ రాసేది ఉడుత. అలర్ట్ మోగుతోందో లేదో బొరియ బొరియకీ నడిచి చూసొచ్చేది తాబేలు. అది తిరిగొచ్చేసరికి మూడు రోజులు పట్టేది. ఈలోగా ఉడుత కోడ్ మళ్లీ మార్చేసేది.

పోయిన వానాకాలం అలాగే పరీక్ష ముగియక ముందే నీళ్లొచ్చాయి. కుందేళ్ల బొరియలో అలర్ట్ మోగలేదు. పిల్లల్ని చెవులు పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే తాబేలు తల ఇప్పటికీ సిగ్గుతో డిప్పలోకి పోతుంది.

ఈసారి వానలకి వారం ముందే పెద్ద ఎలుగుబంటి సభ పెట్టింది. "నడిచి చూడటాలు చాలు. దానంతట అదే పరీక్షించే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్ ఒకటి ఎంచుకుందాం. ఎవరిది నచ్చితే వాళ్లకి గుహ నీడలో పెద్ద కుర్చీ!"

ముందు ఏదుపంది తనది చూపించింది. అది అరగంట గురగురలాడి, తెర మీద పదకొండు ఎర్ర ఇంటూలు పెట్టింది.

"ఇదేం గోలమ్మా? శుభమా అని సభ పెడితే అన్నీ వంకలేనా?" అని ఎలుగుబంటి మొహం ముడుచుకుంది.

"వంకలున్నాయి కాబట్టే చూపించింది" అంది ఏదుపంది. పాపం, దానికి తియ్యగా మాట్లాడటం చేతకాదు.

నక్క తోక సవరించుకుంటూ లేచింది. "మామా, మీలాంటి పెద్దల కళ్లకి ఆ ఎరుపేమిటి? నాది చూడండి." మీట నొక్కింది. రెప్పపాటులో తెర నిండా పచ్చ టిక్కులు! సభంతా ఒకటే చప్పట్లు.

తాబేలుకి ఒళ్లు మండిపోయింది. అంత కోడ్‌ని రెప్పపాటులో చూడటం ఎవరి తరం? నోరు తెరవబోయేలోగా నక్కే అందుకుంది. "తాబేలత్తకి తన పని పోతుందని కుళ్లు!"

"నాకెందుకు నాయనా కుళ్లు? ముసలి కాళ్లకి విశ్రాంతి" అని తాబేలు నవ్వింది. "కోడ్‌లో ఒక్క చిన్న మార్పు చేస్తాను, మళ్లీ నొక్కు."

ఉడుత కంప్యూటర్ దగ్గరికి అది నడిచి చేరేలోగా సగం సభ ఆవులించింది. గోటితో ఒక్క వరుస చెరిపేసింది. నక్క నొక్కింది. మళ్లీ అన్నీ పచ్చే.

"ఎక్కడా లోపం లేనట్టేనా?"

"నా తోక మీద ఒట్టు, అత్తా!"

"అయితే ఎలుగుబంటి మామా, దీన్నే ఖాయం చేసెయ్యండి. ఉడుతా, ఈ కోడ్‌ని వానలయ్యేదాకా ముట్టుకోకు."

ఎలుగుబంటి తలూపింది. నక్క కుర్చీ వైపు నడిచింది. అప్పుడు ఉడుత అడిగింది. "ఇంతకీ ఏం చెరిపావత్తా?"

"ఏముందే, అలర్ట్ వెళ్లే లిస్టులోంచి నక్క బొరియ తీసేశాను."

నక్క అడుగు ఆగిపోయింది. "తీసేశావా! వాగుకి అందరికంటే దగ్గర మాదే కదత్తా! నలుగురు పసివాళ్లున్నారు!"

"మరి పచ్చ టిక్కు పడిందిగా నాయనా?"

"అది ఏం చేసినా పచ్చే పెడుతుంది! లోపల చూసేదేమీ లేదు!" అని అరిచి, నక్క నాలుక కరుచుకుంది. అప్పటికే సభంతా వినేసింది.

ఎలుగుబంటి గుర్రుమని ఏదుపంది వైపు తిరిగింది. దాని ఫ్రేమ్‌వర్క్ మళ్లీ గురగురలాడటం మొదలుపెట్టింది. అరగంటసేపు తెర ముందు కన్నార్పకుండా నిలబడింది నక్క ఒక్కటే. చివరికి పన్నెండో ఇంటూ పడింది: నక్క బొరియకి అలర్ట్ లేదు.

"హమ్మయ్య, ఎర్రగా పడింది!" అని నక్క ఎగిరి గంతేసింది. ఏదుపందికి కుర్చీ ఇవ్వాలని మొట్టమొదట చెయ్యెత్తిందీ అదే.

నీతి: తప్పుని తప్పనలేని పరీక్ష పెట్టుకోవడం కంటే, పరీక్షే లేదని తెలిసి జాగ్రత్తగా ఉండటం మేలు.