ఓబుళమ్మ చేట

ఈ చెయ్యి ఇంతవరకు కథ రాసి ఎరగదు. ఐదో తరగతి దాటినాక పలక మీద కూడా ఏమీ రాయలేదు. నోటితో చెప్పడమే తెలుసు, అదీ నలుగురిలో కాదు, పిల్లల దగ్గరే. అందుకని పిల్లలకు చెప్పినట్టే రాసినాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఎప్పటి మాటో ఇది. మన తాతకు తాత ఉయ్యాల్లో కూడా పడని నాటి మాట. రాళ్లకొత్తూరని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో వానలు తక్కువ, గొర్రెలు ఎక్కువ, మాటలు ఇంకా ఎక్కువ.

మీసమొచ్చిన ప్రతి మగవాడి మొలతాడుకూ ఒక మడత చాకు వేలాడేది. పొట్టేలు కొమ్ముతో పిడి, పాత కొడవలి ముక్కతో రేకు. ఊరి కమ్మరి చేసిచ్చేవాడు. పొద్దున వేపపుల్ల కొయ్యాలంటే ఆ చాకే. మధ్యాహ్నం సంగట్లోకి ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, కొయ్యాలంటే ఆ చాకే. గొర్రె గిట్టలో ముల్లు దిగితే తియ్యాలన్నా ఆ చాకే. చాకు లేకుండా గడప దాటాలంటే, పంచె లేకుండా దాటినంత సిగ్గుపడేవాళ్లు.

ఆ చాకులకు ఒక కట్టుబాటు ఉండేది. చాకును చేతిలోంచి చేతిలోకి ఇవ్వకూడదు. ఇస్తే ఇద్దరి పొత్తూ తెగిపోతుందని నమ్మకం. కింద పెట్టాలి, అవతలివాళ్లు కిందనుంచి తీసుకోవాలి. మొగుడూ పెళ్లాలైనా అంతే. అన్నదమ్ములైనా అంతే. తల్లీకొడుకులైనా అంతే.

ఆ ఊళ్లో ఓబుళమ్మ అని ఒకామె ఉండేది. పొట్టి మనిషి. కాస్త గట్టిగా మాట్లాడితే తన గొంతుకు తానే ఉలిక్కిపడే మనిషి. ఆమె మొగుడు మద్దిలేటి. మద్దిలేటికి ప్రాణస్నేహితుడు సుంకన్న. ఇద్దరూ ఒకే మంద తోలేవాళ్లు, ఒకే ముంతలో గంజి తాగేవాళ్లు, ఒకే కంబళి కప్పుకునేవాళ్లు.

ఒకనాడు పొద్దున మద్దిలేటి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. సుంకన్న ఆయన కాలు తన తొడ మీద పెట్టుకుని, తన చాకు మొనతో, నెత్తురు చుక్క రాకుండా ముల్లు తీసినాడు. ఆ రోజే పొద్దు గూకేటప్పుడు కల్లంగడిలో ఇద్దరికీ మాటామాటా వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పుడెవరికీ తెలియదు. దోసెడు బొరుగుల కోసమని కొందరంటారు. కూచునే రాయి కోసమని కొందరంటారు. ఎవరో పాడిన పాట కోసమని ఇంకొందరంటారు. తగువు మరిచిపోయినారు గానీ మనిషి మాత్రం పోయినాడు. పొద్దున ముల్లు తీసిన చాకే సాయంత్రం మద్దిలేటి కడుపులో దిగింది.

మత్తు దిగినాక సుంకన్న ఆ శవం కాళ్లు పట్టుకుని ఏడుస్తా కూచున్నాడు. తలారులు వచ్చి చేతులు కట్టి బందిఖానాకు తీసుకపోయినారు. అప్పటికి ఓబుళమ్మ కొడుకు ఉరుకుందు ఉయ్యాల్లో ఉన్నాడు.

ఊరంతా సుంకన్నను తిట్టింది. ఓబుళమ్మ తిట్టలేదు. పొయ్యి ముందు కూచుని ఒకటే ఆలోచన చేసింది. "ఆ పూట మొలలో చాకే లేకుంటే? ఇద్దరూ గుద్దుకునేవాళ్లు. ఒక పన్నో రెండు పండ్లో రాలేవి. తెల్లారితే మళ్లీ ఒకే ముంతలో గంజి తాగేవాళ్లు గదా."

దినాలు అయినాక ఆమె కల్లంగడి వాకిట్లో శనగ గుగ్గిళ్లు, బొరుగులు పెట్టుకుని కూచుంది. గంప పక్కన ఒక ఖాళీ చేట పెట్టింది.

"ఈ చేట ఎందుకు పెద్దమ్మా?" అని అడిగినాడు గిడ్డయ్య. ఊళ్లో ఎవరు తుమ్మినా ఆ తుమ్ముకు ఒక ఎగతాళి కట్టే మనిషి గిడ్డయ్య.

ఓబుళమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "మీ చాకులు ఇందులో పెట్టి లోపలికి పోండి. పొద్దున దాకా కోసే పని ఏముంది నాయనా? పొద్దున్నే తెచ్చిస్తా."

మొదటి రోజు అందరూ నవ్వినారు. "ఓబుళమ్మ కమ్మరి కొలిమి పెడతాందిరో!" అని గిడ్డయ్య అరిచినాడు. చేట ఖాళీగానే ఇంటికి పోయింది.

రెండో రోజు కోపగించుకున్నారు. "మొలలో చాకు ఆడదానికి ఇచ్చి ఇంటికి పోతే, మా ఇంట్లో వాళ్లు మాకు గాజులు తొడుగుతారు," అన్నారు. ఓబుళమ్మ మాత్రం ఆ మాటే అన్నది. "పొద్దున దాకా కోసే పని ఏముంది నాయనా? పొద్దున్నే తెచ్చిస్తా." చేట ఖాళీగానే ఇంటికి పోయింది.

మూడో రోజు వస్తాదు వన్నూరప్ప వచ్చినాడు. గిత్తను కొమ్ములు పట్టి కూలేసే మనిషి. ఆయన్ను చూస్తే కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. ఓబుళమ్మ భయపడతానే అడిగింది. "పొద్దున దాకా కోసే పని ఏముంది నాయనా?"

వన్నూరప్ప మొలతాడుకున్న చాకు ఊడదీసినాడు. "అత్తా, మొన్న తాగిన మైకంలో నా తమ్ముడి చెవి కోసినా. తెల్లారి లేసి, వీని చెవి ఎవడు కోసినాడురా వాని అంతు చూస్తా అని ఊరంతా తిరిగినా. నా పెళ్లాం చెప్పింది, నువ్వేనని." అంటా చాకును చేటలో పెట్టి లోపలికి పోయినాడు.

వన్నూరప్పే పెట్టినాడంటే ఇక నవ్వేదెవరు? వెనకాల ఒకడు పెట్టినాడు, వాడి వెనక ఇంకొకడు. చివరికి గిడ్డయ్య కూడా పెట్టినాడు. "నాది జాగ్రత్త పెద్దమ్మా, పదును లేదని ఎవరితో అనొద్దు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓబుళమ్మ చేట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి చాకు వాళ్ల గడప మీద పెట్టింది. అట్లా ప్రతి సాయంత్రం చాకులు తీసుకోవడం, ప్రతి పొద్దున ఇచ్చి రావడం ఆమె పని అయింది. వాన పడినా అంతే, ఎండ కాసినా అంతే, ఒంట్లో జ్వరమున్నా అంతే. ఆ తరవాత కల్లంగడిలో తగువులు లేవా అంటే ఉన్నాయి. ముక్కులు పగిలినాయి, పంచెలు చినిగినాయి. మనుషులు మాత్రం మిగిలినారు. పొద్దు గూకితే వాకిట్లో నిలబడి దారి చూసే ఆడవాళ్లు, ఇంట్లో తమ పని తాము చేసుకోవడం నేర్చుకున్నారు.

ఏండ్లు గడిచినాయి. ఉరుకుందు తండ్రి అంత ఎత్తు పెరిగినాడు. తండ్రి చాకే మొలతాడుకు కట్టుకున్నాడు. సాయంత్రం తల్లి పక్కనే కూచుని గుగ్గిళ్లు కొలిచి ఇచ్చేవాడు. కల్లు ముట్టడు. ఒకసారి గిడ్డయ్య అడిగినాడు. "ఏం పెద్దమ్మా, ఊరందరి చాకులూ అడుగుతావు. పక్కనున్న నీ కొడుకుది అడగవే?"

"వాడు తాగడు గదా నాయనా," అన్నది ఓబుళమ్మ. ఆ మాట నిజమే అనుకుంది. అక్కడే ఆమె పొరబడింది.

ఒకనాడు మధ్యాహ్నం గిడ్డయ్య పరిగెత్తుకుంటా వచ్చినాడు. ఆ పూట ఎగతాళి లేదు. "పెద్దమ్మా, సుంకన్న వచ్చినాడు. బందిఖానా నుంచి వదిలిపెట్టినారంట. నెత్తంతా తెల్లబడింది. వాళ్ల పాత గుడిసెలోనే దిగినాడు."

ఓబుళమ్మ సంగటి కెలుకుతాంది. తెడ్డు ఆగిపోయింది. అప్పుడు వాకిట్లోంచి ఒక చప్పుడు వినబడింది. సర్రు, సర్రు, సర్రు. ఉరుకుందు సానరాయి మీద చాకు నూరుతున్నాడు.

ఆమె చేట తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "ఇందులో వెయ్యి నాయనా."

ఉరుకుందు తలెత్తలేదు. "నీ చేట తాగినోళ్లకు గదమ్మా. నేను తాగినోణ్ణి కాదు."

ఆమె చేట తిరిగి ఎత్తుకుంది. ఇన్నేండ్లుగా తాను చెప్పిన మాటే గదా అది.

పొద్దు గూకుతుండగా సుంకన్న కల్లంగడికి వచ్చినాడు. తాగడానికి కాదు. నేరుగా ఓబుళమ్మ గంప ముందుకొచ్చి నిలబడినాడు. చేటలో అప్పటికే ఊరి చాకులన్నీ ఉన్నాయి.

"వదినా," అన్నాడు. చేట వైపు చూసినాడు. మళ్లీ అన్నాడు. "వదినా, ఇందులో వెయ్యడానికి నా దగ్గర చాకు లేదు. ఆ రోజు నుంచి చాకు పట్టలేదు. ఎర్రగడ్డ కూడా పండ్లతోనే కొరుక్కుంటున్నా. నీ కాళ్లు మొక్కి పోదామని వచ్చినా."

టక్కున శబ్దమైంది. తల్లి పక్కనే ఉన్న ఉరుకుందు లేచి చాకు మడత విప్పినాడు.

లోపలున్న మగవాళ్లంతా లేచి బయటికి వచ్చినారు. ఎవరి మొలలోనూ చాకు లేదు. నూరిన చాకుకు అడ్డం పోవడానికి ఎవరికీ కాలు కదల్లేదు. వన్నూరప్ప కూడా నిలబడిపోయినాడు. సుంకన్న కదల్లేదు. కండ్లు మూసుకున్నాడు.

ఓబుళమ్మ ఇద్దరి నడుమకు వచ్చి నిలబడింది. కొడుకు రొమ్ము దాకా కూడా రాదు ఆమె తల.

"పొద్దున దాకా కోసే పని ఏముంది నాయనా?" అన్నది.

"ఉందమ్మా," అన్నాడు ఉరుకుందు.

ఇన్నేండ్లలో ఆ మాటకు ఉందని ఎవరూ అనలేదు. ఓబుళమ్మ చేట ముందుకు జరిపింది. "నువ్వు తాగలేదు నాయనా. తాగినోడికైనా తెల్లారితే దిగుతుంది. నీది దిగేది కాదని నాకు తెలుసు. అయినా వెయ్యి."

"వెయ్యను."

"వెయ్యి నాయనా."

"తప్పుకో అమ్మా. మా నాయన మొహం కూడా నాకు తెలియకుండా చేసినాడు వీడు."

ఓబుళమ్మ చేటను కాలితో పక్కకు నెట్టింది. వట్టి చెయ్యి చాపింది. అరచెయ్యి పైకి పెట్టింది.

"అయితే నా చేతిలో పెట్టు," అన్నది.

అందరూ ఉలిక్కిపడినారు. "అత్తా, వద్దు! చేతికి తీసుకోవద్దు! కన్నకొడుకు!" అని వన్నూరప్ప అరిచినాడు.

ఆ రోజు ఓబుళమ్మ గొంతు ఈతవనం అవతల దాకా వినబడిందంటారు. "తెగితే తెగనీ! నా చేతిలో పెట్టు ఉరుకుందూ. మనిద్దరి పొత్తూ ఈ పూటతో తెగిపోనీ. నన్ను అమ్మా అని పిలవొద్దు. నా పొయ్యి మీద వండింది తినొద్దు. నేను పోతే నిప్పు పెట్టొద్దు. ఎవరి కొడుకువో అయ్యి, యాడో ఒక చోట బతికుండు. నువ్వు ఉరికంబం ఎక్కితే నీ పక్కన నిలబడి ఏడవడానికి నాకు ఓపిక లేదు నాయనా. ఒకసారే అయిపోయింది నాకు ఓపిక."

ఓబుళమ్మ చాపిన చెయ్యి అట్లానే ఉంచింది. ఉరుకుందు తన చాకును చూసినాడు. తల్లి అరచెయ్యి చూసినాడు. గుగ్గిళ్ల ఉప్పుకు పగిలిన చెయ్యి. ఒక అడుగు వేస్తే ఆ చేతిలో పెట్టొచ్చు. అడుగు పడలేదు.

మెల్లగా చాకు మడిచినాడు. మోకాళ్ల మీద కూలబడి, నేల మీద పెట్టినాడు. పెట్టి, చిన్నపిల్లోని మాదిరి వెక్కివెక్కి ఏడ్చినాడు.

ఓబుళమ్మ వంగి నేల మీదనుంచి చాకు తీసుకుంది. చేటలో అందరి చాకుల నడుమ పెట్టింది. సుంకన్న వైపు తిరిగింది. "నీకు చెప్పే మాట నా దగ్గర లేదు సుంకన్నా. తిట్టే మాటా లేదు, ఓదార్చే మాటా లేదు. నువ్వు ఇంటికి పో. నా కొడుకును ఏడవనీ."

సుంకన్న తలవంచుకుని పోయినాడు.

ఆ తరవాత ఓబుళమ్మ చాలా ఏండ్లు బతికింది. ఆమె పోయిన రోజు చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లంతా వచ్చి, ఎవరూ అడగకుండానే, తమ చాకులు ఆమె చేటలో పెట్టినారంట. చేటలో పట్టక పక్కన గోనెపట్ట పరిచినారంట. నిప్పు పెట్టింది ఉరుకుందే.

ఇప్పటికీ ఆ వైపు కల్లంగళ్ల వాకిట్లో పసుపు పూసిన చేట ఒకటి ఉంటుంది. పెండ్లి పందిట్లో ఉంటుంది, జాతరలో ఉంటుంది. తాగినోళ్లే కాదు, ఆ పూట ఎవరి మీదైనా మనసు మండుతున్న ప్రతివాడూ అందులో చాకు పెట్టి పోతాడు. ఇంట్లో మగవాడు కోపంతో లేచి నిలబడితే ఆడవాళ్లు ఏమీ అనరు. చేట తెచ్చి గడపలో పెడతారు. చిన్నపిల్లలు కొట్టుకుంటే ముసలివాళ్లు, "ఓబుళమ్మ అడుగుతాంది చూడు," అంటారు. చేతిలో ఉన్న రాయో కట్టో కింద పడిపోతుంది.

ఇంతవరకు చెప్పగానే పిల్లలు ఊరుకోరు. "మరి ఆ మర్నాడు?" అంటారు.

మర్నాడు పొద్దున్నే ఓబుళమ్మ లేచి, చేట నెత్తిన పెట్టుకుని, రోజూ పోయినట్టే ఇల్లిల్లూ పోయింది. వన్నూరప్ప గడప మీద పెట్టింది. గిడ్డయ్య గడప మీద పెట్టింది. సుంకన్న గుడిసె ముందు కూడా ఆగింది. అక్కడ పెట్టడానికి చేటలో ఏమీ లేదు. కాసేపు నిలబడి, ముందుకు పోయింది. ఆఖరున తన ఇంటికి వచ్చింది. ఉరుకుందు గడప మీద కూచుని ఉన్నాడు. రాత్రంతా ఏడ్చిన కండ్లు. ఆమె చేటలో మిగిలిన ఒక్క చాకూ తీసి, వాడి పక్కన గడప మీద పెట్టింది.

"దీన్ని మళ్లీ నాకిస్తావా అమ్మా?" అన్నాడు వాడు.

"పొద్దయింది గదా నాయనా," అని లోపలికి పోయి, సాయంత్రానికి శనగలు నానబోసింది.