తుమ్ముకి ఎంత వేడి?

వెనకటికి ఒక సంస్థానంలో నాంచారమ్మ దొరగారి స్నానానికి నీళ్లు కాచేది. ఆమె పెనిమిటి కొలువులో వింజామర వీచేవాడు. ఒకనాడు దొరగారు పద్యం చదువుతుండగా పాపం అతనికి తుమ్ము వచ్చింది. "రేపు పొద్దెక్కేలోగా పొలిమేర దాటు" అన్నారు దొరగారు.

"అది చిరాకుతో పోయేదే, ఇంత ఆగ్రహం దేనికి ప్రభూ?" అని మంత్రి నసిగాడు.

"చిరాకు, విసుగు, కోపం, ఆగ్రహం, అన్నీ ఒకటే. నాకు ఏదొచ్చినా శిక్ష ఒకటే."

తెల్లవారి నాంచారమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని, కాగులో తెర్లుతున్న నీళ్లు చెంబుతో ముంచి తెచ్చింది. ఆవిరి తగలగానే దొరగారు పీట మీంచి లేచి గోడకు అంటుకుపోయారు.

"చంపుతావుటే? గోరువెచ్చగా కదా ఉండాలి?"

"గోరువెచ్చనా, వేడీ, మరుగూ అన్నీ ఒకటేననుకున్నా దొరా. నిన్న మా ఇంటాయన తుమ్ముకి తమరు పోసినవీ తెర్లే నీళ్లేగా."

దొరగారు గోడ వదిలి వచ్చి మళ్లీ పీట మీద కూర్చున్నారు.

"నిజానికి నాకు చిరాకైనా రాలేదే," అన్నారు గొంతు తగ్గించి. "సరిగ్గా అతను తుమ్మిన చోటే పద్యం మరిచిపోయాను, నెపం తుమ్ము మీదికి నెట్టాను. ఆ తుమ్మే నా పరువు కాపాడింది. ముందు ఇందులో చన్నీళ్లు తొరిపి, వెళ్లి మీ ఆయన్ని వెనక్కి తెచ్చుకో."